హెచ్‌-1బీ మీద ఉన్నా, కుందేలు వేట మొదలెట్టాలంటే ఎక్కణ్నుంచి?

డల్లాస్_దొర
చలికాలం వచ్చేలోపు కుందేలు వేట నేర్చుకుందామని ఉంది. ఉండేది డల్లాస్‌కి ఉత్తరాన, వీసా హెచ్‌-1బీ. తుపాకీ ఇంతవరకు చేత్తో పట్టలేదు. వెతికితే వచ్చే వీడియోలన్నీ జింకలవే, లేదంటే గన్ కంపెనీల గొప్పలు. అసలు వీసా మీద ఉన్నవాళ్లు గన్ కొనొచ్చా? ఏ గన్? కుందేలు ఎక్కడ దొరుకుతుంది? కొట్టాక ఏం చెయ్యాలి? మా సబ్‌డివిజన్‌లో పొద్దున్నే లాన్ల మీద అరడజను కూర్చుని ఉంటాయి, అంత దూరం పోవడం ఎందుకు అంటోంది మా ఆవిడ.

కడపోడు_ఇక్కడే
లాన్ మీద కొట్టినావంటే ముందు పోలీసులొస్తారు, ఎనకాలే హెచ్‌ఓఏ, అదే కాలనీ సంఘం వాళ్లొస్తారు. పోలీసులే నయం.

లైసెన్స్_లక్ష్మి
కడపోడు గారు నవ్వులాటకి అన్నా మాట నిజమే. ఊరి పరిధిలో తుపాకీ పేల్చడం దాదాపు ప్రతి సిటీలోనూ నిషేధం. పైగా లాన్ల మీద కొట్టే మందులు ఆ కుందేళ్ల పొట్టలోనే ఉంటాయి.

వీసా సంగతి జాగ్రత్తగా చదవండి. నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు, ఇది ఫెడరల్ చట్టం, 18 యూఎస్‌సీ 922. హెచ్‌-1బీ, హెచ్‌-4, ఎఫ్‌-1 అందరూ ఇందులోకే వస్తారు. దీనికి ఉన్న మినహాయింపుల్లో మనకి పనికొచ్చేది ఒకటి: అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉంటే ఈ నిషేధం వర్తించదు. గ్రీన్‌కార్డ్ వాళ్లకి అసలు ఈ గొడవే లేదు.

అందుకని మన వరస వేరు. గన్ కొని లైసెన్స్ తీసుకోవడం కాదు, లైసెన్స్ తీసుకుని గన్ ముట్టుకోవడం. స్నేహితుడి గన్‌ని షూటింగ్ రేంజ్‌లో ఒక్కసారి పట్టుకున్నా "దగ్గర ఉంచుకోవడం" కిందే లెక్క.

టెక్సాస్ అయితే:
ముందు హంటర్ ఎడ్యుకేషన్. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి తప్పనిసరి. 17 నిండినవాళ్లు మొత్తం ఆన్‌లైన్‌లోనే పూర్తి చెయ్యొచ్చు. ఆ సర్టిఫికెట్ మిగతా రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది, పారెయ్యకండి.
తర్వాత రెసిడెంట్ హంటింగ్ లైసెన్స్, 25 డాలర్లు. రెసిడెంట్ అనిపించుకోవాలంటే రాష్ట్రంలో వరసగా ఆరు నెలలు ఉండాలి.
గన్ అమ్మే కొట్లో ఫారం 4473 అనే ఫెడరల్ కొనుగోలు ఫారం నింపుతారు. అందులో నాన్-ఇమ్మిగ్రెంటా అన్న ప్రశ్నకి "అవును", మినహాయింపు ఉందా అన్న దానికి "అవును". హంటింగ్ లైసెన్స్, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) నంబరు, ఇప్పటి అడ్రసు ఉన్న ఐడీ పట్టుకెళ్లండి. మొదటి ప్రశ్నకి "కాదు" అని రాసి ఫారం తొందరగా ముగించుకోవాలని చూడకండి, అబద్ధం రాయడం దానికదే నేరం.

డల్లాస్_దొర
లైసెన్స్ గడువు అయిపోతే?

లైసెన్స్_లక్ష్మి
అడగాల్సింది అదే. టెక్సాస్ లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31కి ముగుస్తుంది. సెప్టెంబరు 1 పొద్దున మీ అల్మరాలో గన్ ఉండి, చేతిలో కొత్త లైసెన్స్ లేకపోతే మీరు నిషేధం కిందకి వచ్చినట్టే. కొత్తవి ఆగస్టు మధ్య నుంచే అమ్ముతారు. తూటాల డబ్బాకీ ఇదే రూలు. వీసా పనుల్లో పడి ఇది మర్చిపోయేవాళ్లు ఉన్నారు, ఫెడరల్ కేసు పడితే వీసాకీ ఎసరే.

సిద్దిపేట_సిన్నోడు
ఇంకోటి గూడ జెప్పున్రి. గంజాయి కొన్ని రాష్ట్రాల్ల లీగలే అంటరు గద, ఫెడరల్ లెక్కల మాత్రం గాదు. అది వాడెటోడు గన్ ముట్టద్దు. ఫారంల ఆ ప్రశ్న గూడ ఉంటది.

ఎడిసన్_ఎంకన్న
ఇంత గొడవ ఎందుకు, ఎయిర్ గన్ కొనుక్కుంటే పోలా? ఫెడరల్ లెక్కలో అది ఫైర్‌ఆర్మే కాదు.

లైసెన్స్_లక్ష్మి
ఎంకన్న గారూ, మీ పేరు చూస్తే న్యూజెర్సీ అనిపిస్తోంది. మీ రాష్ట్రంలో ఎయిర్ గన్ కూడా ఫైర్‌ఆర్మే. కొనాలంటే ఫైర్‌ఆర్మ్స్ ఐడీ కార్డు కావాలి.

ఎడిసన్_ఎంకన్న
సరిపోయింది.

బీగిల్_బాబాయ్
గన్ సంగతి నేను చెప్తా. మొదటి గన్ 20 గేజ్ షాట్‌గన్, ఒకేసారి చాలా గుళ్లు చిమ్మేది. గేజ్ నంబరు పెరిగేకొద్దీ గొట్టం సన్నం. ముందు పిడి వెనక్కి లాగి తూటా ఎక్కించే పంప్ అయినా పర్లేదు, ఒంటి గొట్టం మడత తుపాకీ అయినా పర్లేదు. 2¾ అంగుళాల తూటా, ఔన్సులో 7/8 వంతు, 6 నంబరు లేదా 7½ నంబరు గుళ్లు. చోక్ అంటే గొట్టం చివరి ఇరుకు, అది ఇంప్రూవ్డ్ సిలిండర్ అనే కొద్దిపాటి ఇరుకు చాలు. బాగా ఇరుకైన ఫుల్ చోక్ వద్దు. కుందేలు లేచేది పది పదిహేను గజాల్లో, ఆ దూరంలో ఫుల్ చోక్ గుళ్లన్నీ గుప్పెడంత చోట పడతాయి. తగలకపోతే అసలు తగలదు, తగిలితే తినడానికి ఏమీ మిగలదు.

12 గేజ్ ఇంట్లో ఉంటే అదే వాడు, కొత్తది కొనక్కర్లేదు. కాకపోతే రోజంతా ముళ్లకంపల్లో మోస్తే చేతులు లాగేస్తాయి.

సిద్దిపేట_సిన్నోడు
బాబాయ్ మాటకు అడ్డం వస్తున్న ఏమనుకోవద్దు. టెక్సాస్‌ల ఒక్కటే సన్న గుండు పేల్చె పాయింట్ టూ-టూ రైఫిలే మంచిది. కూసున్న కుందేలు తలకాయకు ఒక్కటి గొడ్తె మాంసంల ఒక్క గుండు ఉండది. తూటా ధర తక్కువ, సప్పుడు తక్కువ, పక్క పొదల ఉన్నది గూడ లేవది.

బీగిల్_బాబాయ్
తల ఎంతుంటుంది సిన్నోడూ? నిమ్మకాయ కంటే కొంచెం పెద్దది. తుపాకీ పట్టని మనిషి 30 గజాల్లో నిలబడి దాన్ని కొడతాడా? పొట్టకి తగిలి పొదలోకి పాకిపోతుంది. అదీగాక టూ-టూ గుండు మైలున్నర దాకా పోగలదు. నేల గట్టిగా ఉంటే, రాయి తగిలితే ఎటు ఎగురుతుందో తెలీదు. షాట్‌గన్ గుళ్లు రెండు మూడొందల గజాల్లో చచ్చుపడతాయి.

సిద్దిపేట_సిన్నోడు
నిలవడి గొట్టుమని నేనన్లే. కూసొని, మోకాలు మీద మోచెయ్యి ఆనిచ్చి గొట్టాలె. ముందుగాల రేంజ్‌ల 25 గజాలకాడ రూపాయి బిళ్లంత సుక్కల పదికి తొమ్మిది పడాలె, గప్పుడు పొలానికి పోవాలె. కుందేలు ఎనక మట్టి గట్టు లేకుంటె వదిలెయ్యాలె. ఉరికేదాన్ని టూ-టూతోని ఎన్నడు గొట్టద్దు.

కడపోడు_ఇక్కడే
ఇద్దురూ తాము పట్టిన కుందేటికి మూడే కాళ్లు అంటాండారు. దొరా, ఒకటి షాట్‌గన్ కొను, ఒకటి రైఫిల్ కొను, ఇంటికాడ ఆవిడకి నువ్వే చెప్పుకో.

కత్తిపీట
ఫోర్-టెన్ అని 20 గేజ్ కంటే సన్న షాట్‌గన్ ఉంది, చిన్నగా ఉంటుంది, తన్నదు, కొత్తవాళ్లకి అదే మంచిదని కొట్లో చెప్తారు కదా?

గుంటూరు_గుళ్లు
చెప్తారు, తప్పు. లెక్క చూడండి. 6 నంబరు సీసం గుళ్లు ఔన్సుకి 225 వస్తాయి. 20 గేజ్‌లో 7/8 ఔన్సు అంటే దాదాపు 197 గుళ్లు. ఫోర్-టెన్ రెండున్నర అంగుళాల తూటాలో అర ఔన్సే, అంటే 112. కుందేలు వెడల్పులో కనీసం నాలుగైదు గుళ్లు పడాలి. 112 గుళ్లు పాతిక గజాలకి వెళ్లేసరికి మధ్యలో ఖాళీలు వస్తాయి. ఫోర్-టెన్ చెయ్యి తిరిగినవాళ్ల గన్, పిల్లల గన్ కాదు.

7½ నంబరు ఔన్సుకి 350. గుళ్లు ఎక్కువ, కానీ ఒక్కోటి చిన్నది, 25 గజాలు దాటితే దిగదు. దగ్గర పొదల్లో 7½, ఆకు రాలిపోయి దూరం కనబడే జనవరిలో 6. కొన్ని పబ్లిక్ స్థలాల్లో సీసం నిషేధం, స్టీల్ వాడాలి. స్టీల్ తేలిక కాబట్టి రెండు నంబర్లు లావుది తీసుకోండి, 6 బదులు 4.

డల్లాస్_దొర
20 గేజ్‌కి ఫిక్స్. ఇప్పుడు అసలు ప్రశ్న. పొలానికి వెళ్లి ఎటు చూడాలి?

ఒంటరి_నడక
నేను కాన్సస్ వైపు. కుక్కల్లేకుండా వేటాడే పద్ధతి చెప్తాను.

ముందు ఏ కుందేలో తెలియాలి. మీకు కావల్సింది కాటన్‌టెయిల్, తోక కింద దూది ఉండలాంటి తెలుపు, కిలో నుంచి కిలోన్నర. టెక్సాస్ పడమట బయళ్లలో పొడుగు చెవుల జాక్‌రాబిట్ కూడా ఉంటుంది. అది అసలు రాబిట్ కాదు, హేర్. మన ఊళ్ల చెవులపిల్లి కూడా హేరే, తెలుగులో రెంటికీ కుందేలనే అంటాం. జాక్ బయట్లో పడుకుని వంద గజాల నుంచే చూసి పరిగెత్తుతుంది, మాంసం ముదురు. మొదటి ఏడాది దాని జోలికి పోకండి.

కాటన్‌టెయిల్ బొరియ తవ్వదు. పగలంతా గడ్డి దుబ్బులో తన ఒంటికి సరిపడా చిన్న గుంట చేసుకుని కూర్చుంటుంది. కాబట్టి మేత, దాక్కునే చోటు పక్కపక్కనే ఉన్న అంచుల్లో చూడాలి. పాత కంచె వెంబడి పెరిగిన ముళ్లకంప, బ్లాక్‌బెర్రీ పొదలు, కొట్టేసిన కొమ్మల గుట్టలు, పాడుబడిన ట్రాక్టర్ల కింద, బీడుపడ్డ చేనుకీ పచ్చటి చేనుకీ మధ్య పట్టీ. పెద్ద అడవిలో లోపలికి పోతే ఉత్త నడకే.

ఆనవాళ్లు: బఠాణీ గింజంత గుండ్రటి పెంటికలు. అడుగు ఎత్తులోపు కొరికిన లేత కొమ్మలు, కత్తితో ఏటవాలుగా కోసినట్టు ఉంటాయి. జింక కొరికితే పీకినట్టు చీలికలు పోతుంది, దానికి పై పళ్లు ముందు ఉండవు కాబట్టి. మంచు పడితే అడుగులు చూడండి, వెనక కాళ్ల పొడుగు గుర్తులు ముందు కాళ్ల చిన్న గుర్తుల కంటే ముందుకి పడతాయి. వెనక్కి పోయిందనుకుని చాలామంది ఎదురు దారి పడతారు.

టైము: పొద్దెక్కకముందు గంట, పొద్దుగూకే ముందు గంట బయటికొస్తుంది. రాత్రంతా గడ్డకట్టి పొద్దున్న ఎండ కాస్తే దక్షిణం వైపు వాలులో గాలి తగలని చోట ఎండ కాగుతూ దొరుకుతుంది. ఈదురుగాలి రోజు కదలదు, కాలితో పొద తన్నితే గానీ లేవదు.

నడక: పది అడుగులు వెయ్యండి, ఆగండి. అర నిమిషం ఊరికే నిలబడండి. మళ్లీ పది, వంకర టింకరగా. మీరు నడుస్తున్నంతసేపు అది "పోతున్నాడులే" అని కూర్చుంటుంది. ఆగిపోతే "చూసేశాడు" అని కంగారుపడి లేస్తుంది. ఆగినప్పుడే గన్ సిద్ధంగా ఉండాలి.

ఇంకోటి, కుందేలు కోసం వెతక్కండి. గోధుమరంగు గడ్డిలో గోధుమరంగు జంతువు కంటికి ఆనదు. కన్ను కోసం వెతకండి. ఎండిన గడ్డిలో గుండ్రటి నల్ల పూస ఒక్కటే అతకకుండా కనిపిస్తుంది, మిగతాదంతా గీతలే. కన్ను దొరికాక దాని చుట్టూ చెవి, వీపు వాటంతటవే తేలతాయి.

సిద్దిపేట_సిన్నోడు
అర నిమిషం సాలది అన్నా. పెద్ద పొద కాడ నిమిషం నిలవడాలె. పొద దాటి రెండడుగులేసినంక ఒకపారి ఎనకకు తిరిగి సూడాలె, సగం కుందేళ్లు మనం దాటినంకనే ఎనక నుంచి జారుకుంటయి.

ఒంటరి_నడక
నిజమే, అది రాయడం మర్చిపోయా.

బీగిల్_బాబాయ్
కుక్కల్లేని వేట ఉప్పులేని పప్పు. ఒహాయోలో రోజుకి 4 కుందేళ్లే కొట్టనిస్తారు, అయినా ఆ నాలుగుకి తెల్లారినుంచి మధ్యాహ్నం దాకా ఆ మొరుగుడు వినడానికే వెళ్తాం.

పద్ధతి తెలీకుండా బీగిల్స్, అదే వాసన పట్టే ఈ వేటకుక్కల వెంట వెళ్లినవాళ్లు చేసే తప్పు ఒకటుంది, కుక్కల వెనక పరిగెత్తడం. కాటన్‌టెయిల్ తిరిగే జాగా కొద్ది ఎకరాలే. లేపిన చోటునుంచి పెద్ద చుట్టు కొట్టి మళ్లీ అక్కడికే వస్తుంది. కాబట్టి లేచిన చోటికి దగ్గర్లో, ఇరవై ముప్పై గజాలు తేటగా కనిపించే కాలిబాట మీదో గడ్డి కోసిన పట్టీ మీదో నిలబడిపోవాలి. కదలకూడదు. బీగిల్ మెల్లగా వాసన పట్టుకుని వస్తుంది, కుందేలు దానికంటే వంద గజాలు ముందు కూడా ఉండొచ్చు. కుక్కలు ఇంకా దూరంగా ఉన్నాయి కదా అని గన్ చంకలో పెట్టుకుని ఫోన్ చూసేవాడి కాళ్ల ముందునుంచే పోతుంది.

మొరుగుడు ఒక్కసారి ఆగిపోయిందంటే కుందేలు గ్రౌండ్‌హాగ్ అనే వేరే జంతువు తవ్విన బొరియలో దూరిందని అర్థం. వదిలెయ్యి. ఇంకోదాన్ని లేపు.

ఎడిసన్_ఎంకన్న
మా ఇంట్లో బీగిల్ ఉంది బాబాయ్, సోఫా దిగదు. పనికొస్తుందా?

బీగిల్_బాబాయ్
కుందేలు కూడా సోఫా మీదే కూర్చుంటే పనికొస్తుంది. వేట బీగిల్ వంశాలే వేరు. కుందేలు వాసన వదిలి జింక వెంట పోకుండా నేర్పడానికే ఒక సీజన్ పడుతుంది. కొత్తవాడు కుక్క కొనకూడదు, కుక్కలున్నవాడితో స్నేహం చెయ్యాలి.

ఒంటరి_నడక
ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లేటట్టయితే ఇది కూడా చదవండి. వరసలో నడవాలి, ఒకడు ముందుకి పోకూడదు. ఎడమవాడు ఎడమ ముందు వైపు, మధ్యవాడు సూటిగా, కుడివాడు కుడి ముందు వైపు మాత్రమే కాల్చాలి. కుందేలు వరస మధ్యలోంచి వెనక్కి ఉరికితే గన్ దాని వెంట తిప్పకూడదు. గొట్టం ఆకాశానికి ఎత్తి, ఒళ్లు వెనక్కి తిప్పి, మనుషుల్ని దాటాక దించాలి. పక్షి వేటలో గుళ్లు పైకి పోతాయి, ఇక్కడ మోకాలి ఎత్తులో పోతాయి. పక్కవాడి కాళ్లు, కుక్క వీపు కూడా సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటాయి. అందుకే కుందేలు వెనక నేల కనిపించాలి, పొద కనిపిస్తే కాల్చకూడదు.

కంచె దాటేటప్పుడు తూటా తీసి, గన్ మడత విప్పి, అవతల నేలమీద పెట్టి దాటాలి. ఆరెంజ్ టోపీ, జాకెట్ మీ రాష్ట్రం అడిగినా అడక్కపోయినా వేసుకోండి. పెన్సిల్వేనియాలో చిన్న జంతువుల వేటకి తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాలు ఉండాలని రూలే ఉంది.

డల్లాస్_దొర
ఉరికేదాన్ని కొట్టడం నావల్ల అవుతుందా?

గుంటూరు_గుళ్లు
అవుతుంది, అందరూ చేసే తప్పు తెలిస్తే. అందరివీ వెనక పడతాయి. కాటన్‌టెయిల్ నిండు వేగం గంటకి 18 మైళ్లు, అంటే సెకనుకి 26 అడుగులు. 25 గజాలు పోడానికి గుళ్లకి సెకనులో వందకి ఏడు వంతులు పడుతుంది. ఆలోపు అది దాదాపు రెండడుగులు జరిగిపోతుంది. అడ్డంగా పోయేదానికి ముక్కు ముందు అడుగున్నర నుంచి రెండడుగులు. కొలిచి కాల్చే టైము ఉండదు. గొట్టం దాని వెనకనుంచి తెచ్చి, దాటించి, ఊపు ఆపకుండా నొక్కండి. నొక్కే క్షణంలో చెయ్యి ఆగడం వల్లే వెనక పడుతుంది.

సూటిగా దూరంగా పోయేదానికి చెవుల మీద గురి పెట్టండి, తొడలు పాడవకుండా ఉంటాయి. కాళ్ల దగ్గర లేచినదాన్ని వెంటనే కాల్చొద్దు. మనసులో ఒకటి, రెండు అనుకోండి, ఇరవై గజాలు పోనివ్వండి. ముందు రేంజ్‌లో గురి కోసం విసిరే మట్టి పలకల మీద యాభై తూటాలు, అందులోనూ నేలబారుగా దొర్లే పలకలు వేసే రేంజ్ దొరికితే మరీ మంచిది.

పల్నాటి_కుర్రోడు
మీరంతా ఇంత హంగామా చేస్తన్నారు గానీ, మా ఊళ్లో రాత్రిళ్లు లైటేసి వల కడితే తెల్లారేసరికి కుందేళ్లు పడతాయి. గన్ను లేదు లైసెన్సు లేదు.

లైసెన్స్_లక్ష్మి
తమ్ముడూ, అది మన దేశంలో నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన అడవి కుందేలుకి రక్షణ ఉంది. కాల్చడమే కాదు, వల, ఉచ్చు, పట్టుకోవడం, అందుకు ప్రయత్నించడం కూడా చట్టంలో వేటే. లైసెన్స్ తీసుకుంటే సరిపోయే వేట కాదు అది. తినాలనిపిస్తే పెంపకం కుందేలు మాంసం దొరుకుతుంది, అది వేరే జాతి.

పల్నాటి_కుర్రోడు
అందరూ చేస్తారక్కా.

మోడరేటర్
వల, ఉచ్చు, రాత్రి లైటు గురించి ఇక్కడితో ఆపుదాం. ఈ చర్చ అమెరికాలో లైసెన్స్‌తో చేసే వేట గురించి. తర్వాతి పోస్టు తీసేస్తాను.

కత్తిపీట
కొట్టాక ఏం చెయ్యాలో ఎవరూ చెప్పట్లేదు. నా పేరుకి తగ్గట్టు నేనే మొదలెడతా.

నైట్రైల్ గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి. కుందేళ్లలో తులరీమియా అనే జబ్బు ఉంటుంది, రాబిట్ ఫీవర్ అంటారు. చేతి మీద చిన్న గీత చాలు, లోపలికి పోతుంది. గోమార్లు కుట్టినా వస్తుంది. సాధారణంగా మూడు నుంచి ఐదు రోజుల్లో జ్వరం, గీత ఉన్న చోట పుండు, చంకలో బిళ్ల. డాక్టరుతో "కుందేలు కోశాను" అని నోరు తెరిచి చెప్పాలి. చెప్పకపోతే ఫ్లూ అనుకుంటారు. యాంటీబయాటిక్స్‌తో తగ్గిపోతుంది. చచ్చి పడి ఉన్నది, మందకొడిగా, మనిషిని చూసినా లేవనిది అస్సలు వద్దు.

కోసే పద్ధతి: తల, పాదాలు తీసెయ్యండి. వీపు మధ్యలో తోలు చిటికెడు ఎత్తి, అడ్డంగా రెండంగుళాలు కోసి, రెండు చేతుల వేళ్లు దూర్చి ఒకటి అటు ఒకటి ఇటు లాగండి. కుందేలు తోలు తడి కాగితంలాంటిది, చొక్కా, ప్యాంటు విప్పినట్టు ఊడొస్తుంది. ఆ తర్వాత పొట్ట పైపొర మాత్రమే కొయ్యండి, కత్తి మొన పైకి ఉండాలి. లోపలికి గుచ్చితే పేగు తెగుతుంది, ఇక ఆ కంపు కడిగినా పోదు. మూత్రసంచి ఇంకా జాగ్రత్త, వేళ్లతో మెడ దగ్గర నొక్కి పట్టుకుని తెంపాలి.

కార్జం చూడండి. నున్నగా, ముదురు ఎరుపుగా ఉంటే సరే. గుండుసూది తలంత తెల్లచుక్కలు చాలా ఉంటే మొత్తం కుందేల్ని సంచిలో కట్టి పారెయ్యండి. వేరే పురుగుల వల్ల కూడా చుక్కలొస్తాయి, కానీ ఏవి ఏవో పొలంలో నిలబడి మనం తేల్చలేం. నీటి బుడగల్లాంటివి పేగుల మీద వేలాడుతుంటే అవి బద్దెపురుగు పిల్లలు, మనకి రావు, కుక్కలకొస్తాయి. పేగులు కుక్కకి వెయ్యకండి బాబాయ్.

బీగిల్_బాబాయ్
వెయ్యను తల్లీ. అందుకే ఒక గట్టి మంచు పడేదాకా కుందేలు కొట్టకూడదని పెద్దవాళ్లు అంటారు. మంచు పడితే రోగం పోతుంది.

కత్తిపీట
సగమే నిజం. మంచు పడితే గోమార్లు తగ్గుతాయి, జబ్బువి ముందే చచ్చిపోతాయి, అంతే. రోగక్రిమి చలికి చావదు. ఫ్రీజర్‌లో పెట్టినా చావదు. గ్లవ్స్ జనవరిలో కూడా వేసుకోవాల్సిందే, మాంసం లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్ తగలాల్సిందే.

ఇంకో కారణానికి చలి దాకా ఆగడం మంచిదే. ఎండాకాలంలో మెడ దగ్గర తోలు కింద బొటనవేలంత పురుగు ఉంటుంది, బాట్‌ఫ్లై. మాంసానికి ఏం కాదు, ఆ చుట్టూ తీసేస్తే చాలు. కానీ మొదటిసారి చూసినవాడు మళ్లీ కుందేలు తినడు.

సిద్దిపేట_సిన్నోడు
టెక్సాస్‌ల సీజన్ బందే లేదు, లెక్క గూడ లేదు, ఏడాదంత గొట్టచ్చు. గాని జూన్‌ల పోతె పాము గూడ లేస్తది, మాంసం గంటల ఖరాబైతది. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాక పోయి, మిగతా నెలలు సప్పుడు జేయకుంట ఉండాలె. వేరే రాష్ట్రంల ఉన్నోళ్లు మీ రూలు సూస్కోన్రి, జార్జియాల రోజుకు 12, బాబాయ్ కాడ 4.

డల్లాస్_దొర
వండటం? మా ఆవిడ చికెన్‌లాగే కదా అంటోంది.

కత్తిపీట
చికెన్‌లా వండితే రబ్బరు. కొవ్వు ఉండదు కాబట్టి నూనె కొంచెం ఎక్కువ పడాలి. ముందు ముక్కల్ని దీపానికి ఎదురుగా పట్టి చూడండి. మాంసంలో నల్లటి సన్న గీత కనిపిస్తే అది గుండు వెళ్లిన దారి, వెంట్రుకల్ని కూడా లోపలికి లాక్కుపోయి ఉంటుంది. పట్టకారుతో రెండూ తియ్యండి. పన్ను విరిగేది ఇక్కడే.

తర్వాత ఉప్పునీళ్లలో రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే నెత్తురు దిగుతుంది. రెండు కుందేళ్ల ముక్కలకి నాలుగు చెంచాల పెరుగు, చెంచాన్నర అల్లం వెల్లుల్లి, పసుపు, ఉప్పు, కారం పట్టించి నాలుగు గంటలు. తల తీసేముందే చెవి చింపి చూడండి, సులువుగా చిరిగిందా, లేతది, కుక్కర్లో మూడు విజిల్స్. చిరగలేదా, ముదురుది, ఆరు. ఆ తర్వాత ఉల్లిపాయలు ఎర్రగా వేయించి ధనియాలు, గసాలు, ఎండుకొబ్బరి ముద్ద వేసి దగ్గరపడేదాకా.

గుంటూరు_గుళ్లు
ఉప్పునీళ్లు ఎందుకండీ, రుచంతా నీళ్లలో పోతుంది. నెత్తురు పట్టిన చోట కోసి పారేస్తే చాలు.

కత్తిపీట
మీ ఇంట్లో మీరు వండుకోండి.

గుంటూరు_గుళ్లు
వండుకుంటున్నా. ఒకటి మాత్రం చెప్తా, వెన్ను పక్కన రెండు పొడుగు కండలుంటాయి, అవి కుక్కర్లో వెయ్యకండి, పీచుపీచయిపోతాయి. విడిగా తీసి సన్నగా కోసి మిరియాలు, కరివేపాకుతో పెనం మీద వేపుడు. లోపల పచ్చి కనబడకూడదు, ధర్మామీటరు గుచ్చి చూసుకోండి.

డల్లాస్_దొర
స్థలం ఎలా? నాకు తెలిసిన రైతులెవరూ లేరు.

ఒంటరి_నడక
జింకల సీజన్ అయిపోయాక అడగండి. అది నడుస్తున్నప్పుడు ఎవరూ రానివ్వరు, జనవరిలో "కుందేళ్లకి మాత్రమే" అంటే చాలామంది సరేనంటారు. పళ్లతోటలు, నర్సరీలు, కూరగాయల పొలాల వాళ్లని ముందడగండి, చలికాలంలో కుందేళ్లు చెట్ల బెరడు కొరికేస్తాయి, వాళ్లకీ అవసరమే. పగటిపూట, మామూలు బట్టల్లో, ఒక్కరే వెళ్లండి, గన్ కారులో కూడా ఉండకూడదు. ఎవరెవరు వస్తారో, ఏ కారో కాగితం మీద రాసివ్వండి. ఒప్పుకుంటే అనుమతి రాయించుకోండి. నలుగురితో దిగితే మళ్లీ పిలవరు.

సిద్దిపేట_సిన్నోడు
టెక్సాస్‌ల 48 డాలర్లకు యాన్యువల్ పబ్లిక్ హంటింగ్ పర్మిట్ అని ఉంటది. అది గొంటె రాష్ట్రం లీజుకు దీస్కున్న జాగలల్ల పోవచ్చు. మ్యాప్ పుస్తకంల ఏ జాగల కుందేలుకు పర్మిషన్ ఉన్నదో, ఏ తారీకులో రాసుంటది, ఒక్కో జాగకు ఒక్కో రూలు. రోడ్డు మీద కారాపి గొట్టుడు మాత్రం ఎక్కడ గూడ జేయద్దు.

డల్లాస్_దొర
కోర్సుకి రిజిస్టర్ అయ్యాను. చివరిగా ఒకటి, కుందేలు పడింది కానీ ఇంకా కొట్టుకుంటోంది అనుకోండి. మళ్లీ కాల్చాలా?

బీగిల్_బాబాయ్
దగ్గర్నుంచి కాలిస్తే ముక్కలు మిగలవు. గన్‌లో తూటా తీసి పక్కన పెట్టు. గ్లవ్స్ వేసుకో. వెనకనుంచి వెళ్లు, వెనక కాళ్ల గోళ్లు చీరేస్తాయి. ఒక చేత్తో వెనక కాళ్లు రెండూ కలిపి పట్టుకో, రెండో చేత్తో తల వెనక, చెవుల కింద. తల వెనక్కి వంచుతూ ఒక్కసారి గట్టిగా సాగలాగు. మెడ విరిగినట్టు చేతికి తెలుస్తుంది. సెకను పని. అది చెయ్యడానికి మనసొప్పకపోతే ఇప్పుడే చెప్పు, ఆ 25 డాలర్లు మిగుల్తాయి.

డల్లాస్_దొర
ఒప్పుకుంటుంది అనుకుంటున్నా. ప్యాంటు ఏది కొనాలి?

కడపోడు_ఇక్కడే
జీన్స్ తప్ప ఏదైనా. పొద్దున మంచుకి మోకాలి దాకా తడిసి మధ్యాన్నం దాకా ఆరదు, బ్లాక్‌బెర్రీ ముల్లు నేరుగా దిగబడతాది. తొడల ముందర దళసరి గుడ్డ కుట్టిన బ్రష్ ప్యాంటు అని అమ్ముతారు. అంచులు సాక్సులో దోపు, గోమార్లు ఎక్కవు.

లైసెన్స్_లక్ష్మి
గోమార్లని చంపే పెర్మెత్రిన్ స్ప్రే బట్టల మీద ముందురోజే కొట్టి ఆరబెట్టండి, ఒంటి మీద కాదు. ఇంట్లో పిల్లి ఉంటే తడి ఆరేదాకా దాని దగ్గర పెట్టకండి, పిల్లులకి అది విషం.